బాబాయ్ రాసిన లేబుల్

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ అది జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా పనికిరాలేదు. యూనివర్సిటీలో అందరికీ ఆయన లేబుళ్ళ బాబాయ్. పరిశోధన చేసే పిల్లలే కాదు, జుట్టు నెరిసిన ప్రొఫెసర్లు కూడా అలాగే అనేవాళ్ళు, కాకపోతే వెనకాల. ఎదురుపడితే మాత్రం ఆయన చూపు చూసి మాట సర్దుకునేవాళ్ళు.

కెమిస్ట్రీ భవనం వెనక్కి వెళ్ళి, సైకిళ్ళు పెట్టుకునే చోటు దాటితే, ఇనప తలుపున్న పొడుగాటి షెడ్డు ఒకటి కనిపిస్తుంది. ల్యాబుల్లో వాడేసిన ఆమ్లాలు, ఆల్కహాళ్ళు, పాదరసం తుడిచిన గుడ్డలు, ఇలా ఎక్కడ పడితే అక్కడ పారబోయడానికి వీల్లేనివన్నీ చేరేది అక్కడికే. సింకులో పోశారంటే ఎవరో తాగే నీళ్ళలో తేలతాయి. చెత్తబుట్టలో పడేశారంటే ఊడ్చేవాళ్ళ చేతులు కాలతాయి. అందుకని వాటిని రకాల వారీగా పెద్ద డబ్బాల్లోకి మార్చి, నెలకోసారి వచ్చే లారీ ఎక్కించాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ షెడ్డు తాళంచెవి బాబాయ్ చేతిలోనే ఉంది.

ఆయనకి ఒకటే చాదస్తం. సీసా మీద లేబుల్ లేకపోతే గడప తొక్కనివ్వడు. లోపల ఏముంది, ఎంతుంది, ఏ గదిది, ఎవరు తెచ్చారు, ఏ రోజు తెచ్చారు, ఈ ఐదూ ఉండాలి. నాలుగుంటే కుదరదు. ఒకసారి ఒక పెద్ద ప్రొఫెసరు తనే స్వయంగా సీసా పట్టుకొచ్చి, ఇందులో ఉన్నవి ఉత్త నీళ్ళేనయ్యా, దీనికి కూడా లేబులా అన్నాడట. అయితే ఓ గుక్క తాగి చూపించండి సార్, నమ్ముతాను అన్నాడట ఈయన. ఆ ప్రొఫెసరు సీసా చంకలో పెట్టుకుని వెనక్కి పోయి, లేబుల్ అంటించుకుని మరీ వచ్చాడు. ఈ కథ యూనివర్సిటీలో కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటి వారంలోనే తెలిసిపోతుంది. చెప్పొద్దూ, బాబాయ్‌కి కూడా ఆ కథంటే మహా ఇష్టం. ఎవరైనా చెబుతుంటే విననట్టు నటిస్తూ అక్కడక్కడే తచ్చాడేవాడు.

అంత కోపిష్టిలా కనిపించినా పిల్లలంటే జాలి ఎక్కువ. లేబుల్ తడిసిపోయి అక్షరాలు అలుక్కుపోతే, వాళ్ళు బిక్కమొహం వేసుకుని నిలబడితే, పోనీలే అని ఒక్కో ముక్కా అడిగి తనే కొత్తది రాసి అంటించేవాడు. గుండ్రటి అక్షరాలు ఆయనవి, అచ్చు గుద్దినట్టుండేవి.

షెడ్డులో రెండో మనిషి ఆయన బావమరిది, అంటే భార్యకి సొంత తమ్ముడు. ఎక్కడా కుదురుగా పని చెయ్యకుండా తిరుగుతుంటే, పన్నెండేళ్ళ కిందట బాబాయే పట్టుబట్టి ఈ పనిలో పెట్టించాడు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, మాటల పోగు. బాబాయ్ రాతపని చూస్తాడు, బావమరిది చిన్న సీసాల్లోవి పెద్ద డబ్బాల్లోకి పోస్తాడు. పోసే ముందు సీసాలో రంగు కాగితం ముక్క ముంచి చూడాలి. అది ఎర్రబడిందంటే లోపల ఆమ్లం ఉన్నట్టు. ఆమ్లాల్లో కొన్నిటిని పొరపాటున కూడా ఆల్కహాలు డబ్బాలో పోయకూడదు. పోసిన వెంటనే ఏమీ కాదు, అదే దాని దొంగబుద్ధి. కాసేపు నిమ్మకు నీరెత్తినట్టుండి, ఆ తర్వాత లోపల గాలి పుట్టుకొస్తుంది. మూత బిగించి ఉందా, డబ్బా పేలుతుంది. ఇదంతా వాళ్ళిద్దరికీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగినంత బాగా తెలుసు.

ఏడాదికోసారి పర్యావరణ తనిఖీవాళ్ళు వస్తారు. షెడ్డంతా చూసి, తప్పు కనిపించిన చోటల్లా వాళ్ళ కాగితం మీద ఎర్ర గుర్తు పెడతారు. ఇరవై రెండేళ్ళలో బాబాయ్ షెడ్డుకి ఒక్క ఎర్ర గుర్తు పడలేదు. ఇంకో ఐదు నెలల్లో రిటైరవుతాడనగా ఆఖరి తనిఖీ వచ్చింది. పది రోజుల ముందు నుంచే ఆయనకి తిండి సయించలేదు. బావమరిది నవ్వేవాడు, పెళ్ళిచూపులకి కూడా ఇంత హడావిడి పడి ఉండవు బావా అని.

తనిఖీ రేపనగా సాయంత్రం ఐదింటికి, బావమరిదిని ఇంటికి పంపేసి, తను ఆఫీసుకి వెళ్ళి కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని వచ్చాడు. వచ్చేసరికి షెడ్డు మెట్టు మీద ఒక సీసా ఉంది. గోధుమ రంగు గాజు సీసా, సగం పైన నిండి ఉంది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. లేబుల్ లేదు.

ఇలాంటి వాటికి షెడ్డులో వేరే అర ఉంది. ఏముందో తెలియని సీసాని ఆ అరలో పెట్టి తాళం వేసి, సేఫ్టీ ఆఫీసరుకి ఒక ఫోను చెయ్యాలి. అంతే, అంతకు మించి ఏమీ లేదు. ఆ పద్ధతి పెట్టించిందే ఈయన. కానీ రేపు పొద్దున్న తనిఖీవాళ్ళు మొట్టమొదట తెరిచేది ఆ అరనే. ఇరవై రెండేళ్ళుగా ఖాళీగా చూపించిన అరలో, ఆఖరి ఏడు, ఆఖరి తనిఖీలో, ఊరూ పేరూ లేని సీసా. ఆయనకి ఒళ్ళు మండిపోయింది. ఎవడు పెట్టాడో వాణ్ణి పట్టుకుని నాలుగు దులుపుదామంటే మనుషులంతా ఇళ్ళకి పోయారు.

అలా నిలబడి ఉండగా ఆయనకి రెండో అంతస్తు చివరి గదిలో పరిశోధన చేసే అమ్మాయి గుర్తొచ్చింది. ఆ గదిలో గాజు సామాను ఆల్కహాలుతో కడుగుతారు. కడిగిన ఆల్కహాలు ఆ పిల్ల వారంవారం ఇలాంటి గోధుమ రంగు సీసాల్లోనే తెస్తుంది. ఆ వారం అప్పటికే మూడు తెచ్చింది. ఇది నాలుగోదై ఉంటుంది, నేను లేనని మెట్టు మీద పెట్టి పోయి ఉంటుంది, అనుకున్నాడు. నాలుగేళ్ళలో ఆ పిల్ల ఒక్కసారి కూడా లేబుల్ లేకుండా సీసా తేలేదే అన్న ముక్క ఆయనకి తట్టాలి. తట్టలేదు. తట్టనివ్వలేదు అంటే ఇంకా నిజం. బల్ల దగ్గర కూర్చుని, కలం తీసి, తీరుబడిగా గుండ్రటి అక్షరాలతో రాశాడు. కడిగిన ఆల్కహాలు, లీటరున్నర, రెండో అంతస్తు చివరి గది. కింద ఆ పిల్ల పేరు, తేదీ. అంటించి, బొటనవేలితో అంచులు నొక్కి, ఆల్కహాలు వరసలో పెట్టేశాడు.

మర్నాడు తనిఖీవాళ్ళు వచ్చి గంటన్నర చూశారు. ఎర్ర గుర్తు పడలేదు. వెళ్ళేటప్పుడు వాళ్ళలో పెద్దాయన, ఇలాంటి షెడ్డు మేమింకెక్కడా చూడలేదండీ అన్నాడు. బాబాయ్ ఆ రోజు నేల మీద నడవలేదు. ఇంటికి వెళ్ళి ఆ మాట భార్యకి రెండుసార్లు చెప్పాడు, బావమరిది వచ్చాక మూడోసారి కూడా చెప్పాడు.

ఆ తర్వాతి రోజు పొద్దున్న పదింటికి బావమరిది ఆల్కహాలు వరసలోని సీసాలు డబ్బాలోకి పోసి మూత బిగించాడు. బాబాయ్ తలుపు దగ్గర బల్ల మీద ఏదో రాసుకుంటున్నాడు. పది నిమిషాలయ్యాక, బావా నువ్వు బయటికి పో అని కేక వినిపించింది. తలెత్తి చూస్తే డబ్బా పొట్ట ఉబ్బిపోయి ఉంది. బావమరిది బయటికి రాలేదు. అది పేలితే పక్క వరసలన్నీ అంటుకుంటాయని, మూత వదులు చెయ్యడానికి దాని మీదికి వంగాడు. ఒక్క చుట్టే తిప్పాడు. అది మొహం మీదికి ఎగజిమ్మింది.

కళ్ళద్దాలున్నాయి గానీ పక్క నుంచి దూరిపోయింది. బాబాయ్ అతన్ని నడుం పట్టుకుని గోడ దగ్గరి కుళాయి కిందికి లాక్కుపోయి, తల వంచి, రెప్పలు వేళ్ళతో విడదీసి పట్టుకుని పావుగంట నీళ్ళు పోనిచ్చాడు. ఆంబులెన్సు వచ్చేదాకా వదల్లేదు. ఆ పావుగంటలోనే ఆయన చూపు నేల మీద పడ్డ ఖాళీ సీసా మీదికి పోయింది. గోధుమ రంగు సీసా. మీద తన అక్షరాలు. మూతి దగ్గర నుంచి ముక్కుపుటాలు కోసేసే వాసన. అది ఆల్కహాలు వాసన కాదు. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకుండా ఆయనకి అక్కడే అంతా అర్థమైపోయింది. చేతిలో మనిషి ఉన్నాడు, పడిపోవడానికి కూడా లేదు.

మధ్యాహ్నం సేఫ్టీ ఆఫీసరు ఆస్పత్రికే వచ్చాడు. కుర్రతనం పోని మనిషి, మర్యాదస్తుడు, బాబాయ్ దగ్గరే పని నేర్చుకున్నవాడు. సీసాలో మిగిలిన చుక్కల్ని పరీక్ష చేయించానన్నాడు. గాజు సామాను కడిగే ఘాటు ఆమ్లమట. లేబుల్ మీద మాత్రం ఆల్కహాలని ఉంది, ఆ అమ్మాయి పేరు ఉంది, అక్షరాలు మీవి, ఎప్పటిలా తడిసిపోతే అడిగి రాసిచ్చి ఉంటారు. ఈ సీసా ఆవిడే తెచ్చిచ్చిందా మీకు అని అడిగాడు.

ఇదిగో, మనిషి బతుకులో కొన్ని ప్రశ్నలుంటాయి, అవుననో కాదనో ఒక్క మాట చాలు. బాబాయ్ నీళ్ళు నమిలాడు. లోపలి గదిలో బావమరిది మూలుగు వినిపిస్తోంది. పక్కన కుర్చీలో భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. చివరికి, లేబుల్ మీద ఏముందో అదే సార్ అన్నాడు. అబద్ధం కాదు చూడండి. లేబుల్ మీద ఉన్నది అదే కదా. ఆఫీసరు తల ఊపి, అమ్మాయే తెచ్చిచ్చింది అని రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రానికల్లా ఆ పిల్లని ల్యాబులోకి రావద్దన్నారు. మూడు వారాల్లో కమిటీ కూర్చుంటుంది, తప్పు తేలితే పేరు కొట్టేస్తారు, నాలుగేళ్ళ పరిశోధన గాలికి పోతుంది. ఆమె ప్రొఫెసరు చేతులు దులిపేసుకున్నాడు. నా గదిలో ఇలాంటివి సహించనని నలుగురి ముందూ అన్నాడట, పెద్దమనిషి.

బావమరిది ఎడమ కన్ను పాలనీళ్ళలోంచి చూస్తున్నట్టు ఉందన్నాడు. డాక్టర్లు తర్వాత చెబుతామన్నారు. ఐదో రోజున అక్కాబావల ఇంటికి తీసుకొచ్చేశారు. ఇక ఆ ఇంట్లో బాబాయ్ పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. భార్య వంటింట్లోంచి తిట్టడం మొదలుపెట్టేది. ఆ పిల్ల మొహం కూడా చూడలేదావిడ, అయినా తిట్టింది. కళ్ళు నెత్తికెక్కాయి దానికి, చదువుకుంటే సరా, బుద్ధుండద్దా, ఉన్నదొకటైతే రాసేదింకొకటా, దాని కళ్ళే పోతే తెలిసొస్తుంది అనేది. బాబాయ్ కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండేవాడు. ఊరుకోవే అని ఒకసారి అన్నాడు. ఆవిడ గిర్రున తిరిగింది. ఏమిటి ఊరుకునేది, మీరు పడి చచ్చేది ఈ లేబుళ్ళ గురించే కదా ఇన్నేళ్ళూ, ఇప్పుడు మీకు కోపం రాలేదా అంది. ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు.

చెప్పేద్దామని అనుకోకపోలేదు. రోజూ అనుకున్నాడు. స్నానం చేస్తూ అనుకునేవాడు, బస్సులో వాక్యాలు కూడా కూర్చుకునేవాడు. ఆఫీసరు గది దాకా వెళ్ళేవాడు, తలుపు మీద చెయ్యి వేసేవాడు, అయినా ఏదో ఒక పని గుర్తొచ్చేది. ఉద్యోగం పోతుందన్న భయం కాదది, అదెలాగూ ఐదు నెలలే. ఇరవై రెండేళ్ళు యూనివర్సిటీ మొత్తాన్నీ లేబుల్ లేబుల్ అని కాల్చుకు తిన్న మనిషి, ఏముందో తెలియని సీసా మీద తనే ఊహించి రాశాడంటే ఇక ఎవరి మొహం చూడాలి? ఒక మనిషి కన్ను పక్కన, ఒక పిల్ల చదువు పక్కన, తన పరువుని తూకం వేసుకుని కూర్చున్నాడు మహానుభావుడు. అది సిగ్గుమాలిన తూకమని తనకే తెలుసు. తెలిసీ ఆ తక్కెడ కింద పెట్టలేదు.

పదకొండో రోజున ఆ అమ్మాయే షెడ్డుకి వచ్చింది. తనని లోపలికి రానిస్తారో లేదో అన్నట్టు సైకిళ్ళ దగ్గరే నిలబడింది. బాబాయ్ బయటికి వచ్చాడు. మనిషి సగమైపోయింది. క్షమించమని అడగడానికి వచ్చానంది, మీ షెడ్డుకి నా వల్ల చెడ్డపేరొచ్చిందంది. ఆయనకి తల కొట్టేసినట్టయింది. మీ బావమరిదిగారిని ఒక్కసారి చూడచ్చా అని అడిగింది. ఇప్పుడు వద్దమ్మా, ఇంట్లోవాళ్ళు కోపంగా ఉన్నారు అన్నాడు. అది నిజమే.

అప్పుడు ఆ పిల్ల గొంతు తగ్గించి అడిగింది.

"బాబాయ్, ఆ సీసా నేనే తెచ్చానా? ఆ వారం మూడు తెచ్చినట్టే నాకు గుర్తు. నాలుగోది ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. మా గదిలో ఆమ్లం కూడా వాడతాం. సీసాలు మారిపోయి ఉంటాయా? అసలు నాకు మతి పోయిందా?"

దేవుడే తెచ్చి ఎదుట నిలబెట్టినట్టు వచ్చింది అవకాశం. చుట్టూ పురుగు కూడా లేదు. నువ్వు కాదు తల్లీ అంటే చాలు. బాబాయ్ నోరు తెరిచాడు కూడా.

"పని ఒత్తిడిలో గుర్తు లేకపోవడం మామూలే తల్లీ" అన్నాడు.

ఆ మాట తన నోట్లోంచి వచ్చిందంటే తనకే నమ్మకం కలగలేదు. ఆమె మాత్రం నమ్మింది. అవును, అంతే అయి ఉంటుంది అనుకుంటూ తల ఊపుకుంటూ వెళ్ళిపోయింది. సీసా మీద అబద్ధం రాయడం ఒక ఎత్తు. తన మీద తనకే నమ్మకం చాలక కొట్టుకుంటున్న పిల్లకి, తప్పు నీదేలే అని నెమ్మదిగా నూరిపోయడం ఇంకో ఎత్తు. బాబాయ్ షెడ్డులోకి వెళ్ళి తలుపు వేసుకుని, ఇనప బల్ల మీద తల పెట్టుకుని చాలాసేపు ఉండిపోయాడు. మొదటిది పొరపాటని ఎలాగో సర్దిచెప్పుకోవచ్చు, ఇది పొరపాటు కాదు అనుకున్నాడు. అంత తెలిసినవాడు ఆ పూటే వెళ్ళి చెప్పాడా అంటే, లేదు. ఇంకో వారం గడిపాడు.

గురువారం పొద్దున్న కమిటీ. బుధవారం బాబాయ్ సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. బావమరిది కంట్లో రోజుకి నాలుగుసార్లు మందు చుక్కలు వెయ్యాలి. మధ్యాహ్నం వంతు ఆయనదైంది. బావమరిదిని కిటికీ పక్క మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, రెప్ప పైకెత్తి ఒక చుక్క వేశాడు. రెండో చుక్క గురి తప్పి చెంప మీద పడింది. తుడుస్తూ, కూర్చుందామని కూర్చోలేక, నిలబడే చెప్పేశాడు. ఆ సీసా ఎవరిదో నాకు తెలీదురా, మెట్టు మీద ఉంది, తనిఖీ ఉందని నేనే రాశాను, ఆ పిల్లకి ఏ పాపం తెలీదు అన్నాడు. ఇన్ని రోజులు బస్సులో కూర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ పనికిరాలేదు.

బావమరిది బాగున్న కన్నుతో పైకప్పు కేసి చూస్తూ ఉన్నాడు.

"నాకు తెలుసు బావా" అన్నాడు.

బాబాయ్ తుడిచే గుడ్డ మంచం మీద పెట్టేశాడు.

"నీ అక్షరాలు నాకు తెలీవా? ఆ పిల్ల ఎప్పుడైనా తన లేబుల్ నీ చేత రాయించిందా? అందరి సీసాల్లోనూ కాగితం ముంచుతాను. నువ్వు రాసినవాటిలో మాత్రం ముంచను. ఎన్నేళ్ళుగానో ముంచడం లేదు. బావ రాశాడంటే మళ్ళీ చూసేదేముందని పోసేశాను."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఒక తిట్టు తిట్టినా, చేతిలో మందు సీసా లాగి విసిరేసినా, బాబాయ్‌కి కాస్త ఊపిరాడేది. మరి ఆఫీసరు వస్తే ఎందుకు చెప్పలేదురా అని అడిగాడు. నువ్వే చెబుతావని చూస్తున్నా, రేపటిదాకా చూద్దామనుకున్నా, రేపు కూడా నోరు విప్పకపోతే ఆటో ఎక్కి నేనే వెళ్దామనుకున్నా అన్నాడు బావమరిది. ఆ తర్వాత, రెండో చుక్క వెయ్యి, టైమైపోతోంది అన్నాడు.

చుక్క వేసి తిరిగేసరికి గుమ్మంలో భార్య ఉంది. ఎంతసేపయిందో వచ్చి. ఆవిడ చేతిలో తమ్ముడి కోసం తెచ్చిన గ్లాసు ఉంది. ఆయన కేసి చూడలేదు, తమ్ముడి కేసీ చూడలేదు. ఇన్ని రోజులూ నేను తిట్టిందంతా ఎవర్ని అంది. గ్లాసు కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది. వంటింట్లోంచి ఆ రోజు ఒక్క మాట కూడా వినిపించలేదు. ఆ చప్పుడు లేకపోవడం ఆయన భరించలేకపోయాడు.

గురువారం తొమ్మిదింటికల్లా బాబాయ్ కమిటీ గది దగ్గరున్నాడు. అమ్మాయిని పదింటికి రమ్మన్నారు. ఆఫీసరుతో ముందు నేను మాట్లాడాలి అన్నాడు. లోపల బల్ల చుట్టూ నలుగురు. చెప్పాడు. మెట్టు దగ్గర మొదలుపెట్టి, ఆస్పత్రిలో నీళ్ళు నమలడం దాకా ఏదీ దాచలేదు. ఆ తర్వాత జరిగింది చూడండి, అందుకే నాకు పెద్ద గదులన్నా పెద్దవాళ్ళన్నా పడదు. వాళ్ళు నమ్మలేదు. మీరు అలాంటి పని చేసే మనిషి కాదన్నారు. ఆ పిల్ల మీద జాలితో మీద వేసుకుంటున్నారు, పోయేముందు ఈ మచ్చ ఎందుకండీ అన్నారు. ఒకాయనైతే, మీరు ఇది రాసిస్తే తనిఖీ కాగితం కూడా చెల్లదు, యూనివర్సిటీ పీకలమీదికి వస్తుంది, ఒక్కసారి ఆలోచించుకోండి అని మెత్తగా అన్నాడు.

అక్కడ ఇంకో దారి తెరిచే ఉంది. అవునండీ, జాలికొద్దీ అన్నాను అంటే సరిపోతుంది, పరువుతో పరువు, పైగా దయగలవాడన్న పేరు. బాబాయ్‌కి ఆ దారి కనిపించింది. తన పేరు తనకే ఇంత అడ్డం పడుతుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. తెల్లకాగితం ఇప్పించమన్నాడు. ఎవరూ ఇవ్వకపోతే, బల్ల మీద ఉన్న దస్తాలోంచి తనే ఒకటి లాక్కుని, నిలబడే మొత్తం రాసి, కింద అసలు పేరుతో సంతకం పెట్టి, సేఫ్టీ ఆఫీసరు చేతిలో పెట్టాడు. ఆఫీసరు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆ కాగితం తర్వాత చాలా చేసింది. షెడ్డు తాళంచెవి ఆ వారమే ఆయన దగ్గర్నుంచి తీసేసుకున్నారు. తనిఖీవాళ్ళు మళ్ళీ వచ్చి ఎర్ర గుర్తులు పెట్టిపోయారు. చివరి గది తలుపు ఆ అమ్మాయికి తెరిచారు. ప్రొఫెసరుగారు నాకు ముందే తెలుసు అంటూ తిరిగాడు. ఆ సీసా మెట్టు మీద ఎవరు పెట్టారో మాత్రం ఈ రోజుకీ తేలలేదు. బావమరిది కన్నులో పాలనీళ్ళు అలాగే ఉన్నాయి.

కానీ ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ పొద్దున్న బాబాయ్ కమిటీ గదిలోంచి బయటికి వచ్చేసరికి, వరండాలో బెంచీ మీద ఆ పిల్ల కూర్చుని ఉంది. పదికింకా పది నిమిషాలుంది. ఒళ్ళో కాగితాల కట్ట పెట్టుకుంది. పక్క నుంచి తప్పుకుపోవచ్చు, లోపలివాళ్ళు ఎలాగూ చెబుతారు. బాబాయ్ వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. ఆమె లేచి నిలబడింది. అలా లేచినందుకు కూడా ఆయనకి సిగ్గేసింది.

చెప్పాడు. ఈసారి నాలుగు ముక్కల్లో అయిపోయింది. ఆ సీసా నువ్వు తేలేదు, లేబుల్ నేను రాశాను, లోపల రాసిచ్చి వచ్చాను.

ఆమె వెంటనే తన చదువు గురించి అడగలేదు.

"అయితే ఆయన కన్ను నా వల్ల పోలేదా?"

"నీ వల్ల కాదు తల్లీ."

"నిజంగానా?"

"నిజంగా. నా వల్ల."

ఆ పిల్ల బెంచీ మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. పంతొమ్మిది రోజుల నుంచీ కళ్ళు మూసుకుంటే చాలు ఆయన మొహమే కనిపిస్తోంది, అద్దంలో నా కళ్ళు నేను చూసుకోలేకపోతున్నాను అని ఆ ఏడుపులోనే చెప్పింది. ఒక్కో మాటా బాబాయ్‌కి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. చెంపదెబ్బకి సిద్ధపడి వచ్చాడాయన, తిట్లకి సిద్ధపడి వచ్చాడు. ఆ పిల్ల మొహం తుడుచుకుని, థాంక్స్ బాబాయ్, చెప్పినందుకు అంది. దానికి మాత్రం ఆయన సిద్ధంగా లేడు.

లోపల్నుంచి ఆమె పేరు పిలిచారు. కాగితాలు తీసుకుని తలుపు దాకా వెళ్ళింది. తలుపు మీద చెయ్యి వేసి ఆగింది. వెనక్కి తిరిగి ఆయన మొహం కేసి చూసింది. మొదట ఏదో లెక్క కుదరనట్టు చూసింది. ఆ తర్వాత కుదిరింది.

"నేను షెడ్డుకి వచ్చి అడిగిన రోజున, మీకు తెలుసు కదా?"

బాబాయ్ ఈసారి నీళ్ళు నమల్లేదు.

"తెలుసు" అన్నాడు.

ఇందాక చెప్పిన థాంక్స్ వెనక్కి తీసుకోవడానికి కుదరదు కదా, అలా ఒక్క క్షణం నిలబడి, తలుపు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. బాబాయ్ ఆమె లేచిన బెంచీ మీద కూర్చోబోయి, కూర్చోకుండా, గోడ వారగా నిలబడ్డాడు.